కిలోకి యాభై తక్కువ

ఏడున్నరకి ష్పీత్సా రేవులో బోర్డులు దింపుతాం.
బోర్డంటే ఏముంది,
గాలి కొట్టిన పొడవాటి రబ్బరు నాలుక.
దాని మీద మనిషి నిలబడితే
నది కాసేపు ఆలోచించి, సరేలే అంటుంది.

ఈ పూట ఆరుగురు.
ఇద్దరు పోర్చుగీసు నర్సులు, ఒక తండ్రీ కొడుకూ,
మాటిమాటికీ ఫోను తడుముకునే హంగరీ కుర్రాడు,
ఆరో మనిషి మిలోయ్కా.
డెబ్బై నాలుగేళ్ళు. లుబ్ల్యానా మనిషే.
మనవరాలు పుట్టినరోజుకి టికెట్ కొనిచ్చిందట.
"డబ్బు వాపసు ఇవ్వరటగా, అందుకొచ్చా" అంది
లైఫ్ జాకెట్ బకిల్‌తో కుస్తీ పడుతూ.

మోకాళ్ళ మీదే కూచుంది. లేవమంటే వినలేదు.
"నలభై ఏళ్ళు నిలబడే అమ్మాను,
ఇవాళైనా కూచోనీ."

తొందరలేని నది మాది.
పాలకూర ఉడికించి వార్చిన నీళ్ళ రంగు.
త్ర్నోవో మెట్ల దగ్గర విల్లో కొమ్మలు
ఒక్కొక్కరి తలా నిమిరి పంపాయి.
పందికొక్కుకి పెద్దన్నలాంటి న్యూట్రియా ఒకటి
ఒడ్డున దుంప కొరుకుతూ
మమ్మల్ని లెక్కపెట్టుకుంది.

వంతెనలు పైనుంచి అందం,
కిందనుంచి పని.
తుప్పు చారలు, అతుకులు,
ఆరిపోయిన సిమెంటులో ఎవరో మేస్త్రీ బొటనవేలు.
చెప్పులు కుట్టేవాళ్ళ వంతెన కింద గొంతు రెండింతలవుతుంది,
నా రోజువారీ పాఠం అక్కడే:
"ఈ బురదలో రోమన్ల కత్తులు దొరికాయి,
అంతకు ముందువాళ్ళ కంచు గొడ్డళ్ళూ.
జారిపడ్డాయో, మొక్కుబడికి వేశారో తెలీదు."
ఆ 'తెలీదు' దగ్గర ఒక తెడ్డు వేటుసేపు
ఆగడం నాకిష్టం.

మూడు వంతెనలూ దాటాక
కుడిపక్క మార్కెట్ వెనక గోడ,
నీళ్ళ మీదకి వరసగా కిటికీలు.
మిలోయ్కా తెడ్డు ఆపింది.
వేలితో లెక్కపెట్టింది. తప్పింది. మళ్ళీ లెక్కపెట్టింది.
"అదీ!" అంటూ లేచి నిలబడింది.

బోర్డు గజగజలాడింది.
నేను చెయ్యి చాచేలోగా
ఆమె కాళ్ళే నిలదొక్కుకున్నాయి,
క్యాబేజీ గుట్ట వెనక నిలబడ్డ పాత వాటంతో.

"తొంభై మూడులో తనిఖీవాళ్ళొచ్చారు.
నా కిలో రాయి కిలో కాదు, యాభై గ్రాములు తక్కువ.
మా ఆయన అడుగున తొలిచి మైనం పెట్టాడు.
ఆ కిటికీలోంచి విసిరేశా.
బుడుంగుమంది.
చేపా? అన్నాడు తనిఖీదారు.
చేపే, అన్నా."

నర్సులకి భాష రాదు, నవ్వుతూ ఫొటో తీశారు.
ఏమంటోందని తండ్రి నన్నడిగాడు.
గైడుని కదా, చెప్పాలి.
"ఇక్కడ కూరలమ్మేదట" అన్నాను.
యాభై గ్రాములు నేనూ నొక్కేశాను.

"పిల్లలొస్తే గుప్పెడు చెర్రీలు కొసరేసేదాన్ని"
నాతో కాదు, కిటికీతో అంటోంది.
"లెక్క సరిపోయే ఉంటుంది."
హంగరీ కుర్రాడు ముందుకెళ్ళిపోతుంటే కేకేసి పిలిచాను.
"సరిపోలేదులే" అంది.

డ్రాగన్ల వంతెన దగ్గర వెనక్కి తిరిగాం.
జూన్ నెల. తొమ్మిదైనా
ఆకాశం ఇంకా కాస్త, ఇంకాస్త వెలుగు
కొసరుతూనే ఉంది.
కోట మీద దీపాలు తొందరపడి వెలిగి
ఎందుకూ కాకుండా ఉన్నాయి.

ఆ కిటికీ కిందకి మళ్ళీ వచ్చినప్పుడు
ఆమె వంగి తెడ్డు నిలువుగా దించింది,
మోచెయ్యి మునిగేదాకా.
అడుగు తగల్లేదు.
చొక్కా చేయి పిండుకుంటూ
రేవుదాకా ఒక్క మాట లేదు.

జాకెట్ విప్పి చేతికిస్తూ మాత్రం అడిగింది,
"శనివారం ఖాళీ ఉందా?"
ఉందన్నాను.
"ఈసారి టికెట్ నేనే కొంటా.
ముసలివాళ్ళ తగ్గింపు గిగ్గింపు వద్దు.
పూర్తిగా వెయ్యి."