ముప్పైమూడో గంట

రాజేంద్రనగర్ ఫారం నించి తెచ్చిన
పన్నెండు గుడ్లు ఒడిలో పెట్టుకుని
బస్సులో కూర్చున్నాను.
ఆరాంఘర్ దగ్గర బ్రేకు పడినప్పుడల్లా
చేతులు వాటంతటవే చుట్టుకుపోయాయి.
"కడుపుతోని ఉన్నవా బిడ్డా?" అంది పక్కనామె.
బుట్ట మీది తువ్వాలు తీసి చూపించాను.
నవ్వి, ఇంకాస్త జరిగి చోటిచ్చింది.

కోఠిలో మా ల్యాబు రెండో అంతస్తు.
తలుపు తియ్యగానే ఫార్మలిన్
ఉల్లిపాయ కోసినట్టు కంట్లో పలకరిస్తుంది.
షుకూర్ భాయ్ అప్పటికే మైక్రోటోము ముందు.
మైనంలో పాతిన చిట్టెలుక మూత్రపిండాన్ని
ఐదు మైక్రాన్ల మందాన కోస్తుంటే
ఒకదాని తోక ఒకటి పట్టుకుని
పొరలు రిబ్బన్‌లా దిగుతాయి.
ఎగిరిపోతాయని ఫ్యాన్ వెయ్యనివ్వడు,
మే నెలలో కూడా.
ముప్పై ఏళ్ల ఇయోసిన్
గోళ్ల చుట్టూ ఎర్రగా ఉండిపోయింది.
"పెండ్లికొడుకు చేతులు నావి" అంటాడు.

ముప్పైమూడో గంటకి
మొదటి గుడ్డు పెంకుకి కిటికీ కోశాను.
పచ్చసొన మీది తెల్లటి మచ్చని
కాగితపు ఉంగరంతో ఎత్తి
గోరువెచ్చటి ఉప్పునీళ్లలో వదిలాను.
వెన్నుగాడికి ఇరువైపులా సోమైట్లు,
పచ్చీసుకి పరిచిన చింతగింజల్లా జతలు జతలుగా.
పదకొండు, పన్నెండు...
కళ్లు ఇంకా కళ్లు కావు, రెండు ఉబ్బులు.
వాటి కింద ఒక గొట్టం
కుడి పక్కకి వంగి
కదిలింది.
ఆగింది.
మళ్లీ.

మోసుకుపోవడానికి నెత్తురింకా లేదు.
పని మొదలుపెట్టమని ఎవరు చెప్పారు దానికి?

అప్పుడే కరెంటు పోయింది.
షుకూర్ భాయ్ బీరువాలోంచి
పాత ఇత్తడి మైక్రోస్కోపు తెచ్చి
కిటికీ దగ్గర పెట్టాడు.
దాని అద్దాన్ని తిప్పి తిప్పి
ఎండ ముక్కనొకదాన్ని పట్టాడు.
బస్టాండు రేకుల మీది ఎండ,
పాత పుస్తకాల బండ్ల మీది ఎండ,
ఆ గొట్టంలోంచి దూరి వచ్చి
నా కంట్లో కొట్టుకుంది.

నీళ్లు చల్లారుతున్నాయి.
దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎడం పెరుగుతోంది.
నోటుపుస్తకంలో టైము రాయాలి.
రాయలేదు.
"ఫిక్సేటివ్ పొయ్యి డాక్టరమ్మా,
కణాలు ఖరాబైతయ్" అన్నాడు మెల్లగా.
పోశాను.

సాయంత్రం ఇరానీ హోటల్లో
ఆయన ఆమ్లెట్ చెప్పాడు. నా మొహం చూసి
"ఇది దుకాణం గుడ్డు, దీనికి బాప్ లేడు,
దీంట్ల ఎవ్వరూ మొదలుగాలే" అన్నాడు.
సగం తుంచి నా సాసరులో పెట్టాడు.
తిన్నాను.
ల్యాబులో ఇంకా పదకొండు.
చాయ్ చల్లారేలోపు
కరెంటు వచ్చిందా అని రెండుసార్లు
హోటలు ఫ్యాన్ వైపు చూశాను.