గడియ

జూన్ ఆఖరు. ఊరంతా తోతాపురి వాసన.
గుజ్జు ఫ్యాక్టరీకి పోయే లారీలు
సంతపేట మలుపులో మొరాయించి నిలబడితే
మా బడి కిటికీల్లోకి ముందు ఈగలొచ్చాయి,
తర్వాత పిల్లలు.

ఆరో తరగతి. నాలుగు చార్టులు, నా డబ్బుతోనే.
పదకొండు స్కెచ్ పెన్నులు. పచ్చది ఎండిపోతే
మొన నీళ్ళలో ముంచి బతికించాడు గుణశేఖర్.
నల్లబల్ల మీద రాశాను: నాకు కావలసినవి.
కోరికలు కాదు, అవసరాలు, అని రెండుసార్లు చెప్పాను,
అది లేకపోతే జరగదు అనుకునేవి.
"జరక్కుండా యాడ నిలిచింది మిస్,
అన్నీ జరగతానే ఉండాయి కదా"
అన్నాడు వెనక బెంచీ నుంచి తమీమ్.
నవ్వాను. జవాబు మాత్రం చెప్పలేదు.

నేల మీద బోర్లాపడి ఒకడు అన్నం గీశాడు,
కుప్పగా, పైన ఆవిరి మూడు వంకరలు.
ఒకతె చెప్పులు గీసి
తన పాదం పక్కన పెట్టి కొలత సరిచూసుకుంది.
తమీమ్ నిద్ర గీస్తానన్నాడు.
వాళ్ళది టిఫిన్ బండి. మూడింటికే పిండి రుబ్బుతారు.
కాగితమంతా నల్లగా రుద్ది, మూలన
గ్రైండర్ మోత వినపడని చెవి ఒకటి పెట్టాడు.
మునిచంద్ర వాళ్ళమ్మ చేతులు గీశాడు,
మామిడి సొన కాల్చిన మచ్చలతో సహా,
కింద గ్లౌజులు అని రాశాడు.
నీకు కావలసింది రా, మీ అమ్మకు కాదు, అన్నాను.
"నాకు తలంటేది ఆ చేతులే గదా మిస్. గీసుకుంటాయి."

భువన ఓ మూల జానెడు చోటు తీసుకుంది.
ఒక నిలువు పెట్టె. అందులో చిన్న అడ్డగీత.
కింద గుండ్రటి అక్షరాలు: గడియ.

ఎర్ర పెన్ను చేతిలో ఉండడమే తప్పు.
ఇరవై రెండేళ్ళ అలవాటు, వంగి
దీర్ఘం లాగి, పక్కన రం చేర్చాను.
"గడియారం అని పూర్తిగా రాయాలమ్మా.
ముల్లు ఒకటే వేశావు, రెండుండాలి."
"సరే మిస్."
ఆ పిల్ల ఎప్పుడూ సరే మిస్సే.

మధ్యాహ్నం, బడి వెనక, పంపు దగ్గర
చెక్క తలుపుకి రెండు చేతులూ ఆనించి
వీపు ఎండకిచ్చి నిలబడి ఉంది.
"లోపల హేమావతి ఉండాది.
తర్వాత నాకు అది పట్టుకుంటాది."
హేమావతి రాని రోజో?
"నీళ్ళు తాగను మిస్."
ఇంట్లో? అడక్కుండా ఉండాల్సింది.
"ఇంట్లో చీర అడ్డం కట్టుంటాది. గాలొస్తే పాట పాడతా,
లోపల ఉండానని తెలిసేదానికి."
కాసేపాగి, నన్ను నొప్పించకూడదన్నట్టు మెల్లిగా:
"అది గడియారం కాదు మిస్. గడియే."

హెడ్‌మాస్టరు అర్జీ రాయమన్నారు. రాశాను.
అర్జీకి కాళ్ళు లేవు, నాకున్నాయి గనక
హైరోడ్డు ఇనుప కొట్లో అరవై రూపాయలిచ్చి కొన్నాను.
తలుపు పుచ్చిపోయి మర నిలవలేదు.
ఆదివారం వడ్రంగి నాదముని
టేకు ముక్క అతికించి బిగించాడు,
కూలి తీసుకున్నాడు, టీ వద్దన్నాడు.

చార్టు ఇంకా గోడ మీదే ఉంది.
నా ఎర్ర అక్షరాలు కొట్టేశాను. కొట్టేసినా కనపడతాయి,
కనపడనీ.

సోమవారం. వాటర్ బెల్.
భువన బాటిల్ ఎత్తి సగం దాకా తాగింది.
కాసేపటికి వెనక్కి నడిచింది, ఒక్కతే.
టక్కున చప్పుడు.
హేమావతి అలవాటుకొద్దీ వెంటపడి వచ్చి
చాచిన చేతులకు పట్టుకోను ఏమీ లేక
జడ విప్పి మళ్ళీ అల్లుకుంది.

లెక్కల గంట కొట్టారు. లోపలి పిల్ల రాలేదు.
"పిలిచేదా మిస్?"
ఒక గడియ ఉండనీ, అన్నాను.
లోపల ఏమీ చేయడం లేదేమో,
ఊరికే నిలబడిందేమో.
గాలి బాగానే వీస్తోంది.
పాట మాత్రం వినపడలేదు.