కమురు వాసన

కాడ్జాండ్ ఒడ్డున, ఆటు వేళ,
పిల్లాడు దోసెడు నల్లటివి తెచ్చాడు.
పీటర్నెల్లా కళ్ళజోడు నుదుటికెత్తి
ఒక్కొక్కటే ఏరింది.

"ఇది బొగ్గు. ఇది చెకుముకి రాయి.
ఇదిగో, మొన వంగి, వేరు రెండుగా చీలి,
సొరచేప పన్ను. నాలుగు కోట్ల ఏళ్ళు.
దాచుకో."

చివరిది గోధుమరంగు, బొటనవేలంత,
నమిలే వైపు నెలవంక మడతలు.
సూది మొన లైటర్‌తో కాల్చి ఆనించింది.
శిలైపోయినదానికి వాసన రాదు.

దీనికి వచ్చింది,
వెంట్రుకలు కాలిన కమురు.

"ఇదెన్నేళ్ళది?"

కట్ట తెగిన ఆ ఫిబ్రవరి రాత్రి
ఇంటికప్పు మీంచి విన్నది,
కొట్టంలో పలుపు తెంచుకోలేని అరుపు.
తెల్లారేసరికి అదీ లేదు.

"కొత్తదే. వెల లేదు దీనికి,"
అని కోటు జేబులో వేసుకుంది.
వాడప్పటికే జల్లెడతో
నీళ్ళ వైపు పరుగు.