నాలుగో గడి

మద్దిలపాలెంలో ఆటో ఎక్కి "చినవాల్తేరు" అన్నాను.
డ్రైవరు అద్దంలోంచి చూశాడు: "ఎవరికమ్మా?"
ఈ ఊళ్లో ఆ పేట పేరే ఒక తిట్టు.
చిన్నప్పుడు కంచరపాలెం వీధిలో మేమూ విసిరాం
పేడముద్దలా, ఎవరి మీద పడితే వాళ్ల మీద.
"నాకే" అన్నాను. "చదువుకుంటున్నాను."
గేటు దాకా అతను మళ్లీ పాటలు పెట్టలేదు.

ఆరేళ్లు జనరల్ వార్డులో చేసి
ముప్పై ఒకటో ఏట మళ్లీ బెంచీ ఎక్కాను.
క్లాసు పిల్లలకి అక్కని, రిజిస్టర్లో తొమ్మిదో నంబరుని.
చేతిరాత బాగుందని అందరి చార్టులూ నా చేతే రాయిస్తారు.

ప్రాసెస్ రికార్డింగ్ అని ఒకటుంది.
పేజీకి నాలుగు గడులు గీయాలి.
ఆమె ఏమంది. నేనేమన్నాను.
నాకేమనిపించింది.
దాన్ని పుస్తకం ఏమంటుంది.
మొదటి వారం మూడో గడి ఖాళీగా ఇచ్చాను.
ఫిలోమినా మేడమ్ ఎర్ర సిరాతో ఒక్క వాక్యం రాసింది:
"నువ్వెక్కడున్నావు?"

నూకరత్నం, జాలారిపేట, యాభై దాటి ఉంటాయి.
ఆడవాళ్ల వార్డు వరండాలో గోడకి ఆనుకుని
కాలి బొటనవేలికి దారం తగిలించి వల అల్లుతుంది.
దారం లేదు. కండె లేదు.
వల మాత్రం రోజూ మూరెడు పెరుగుతుంది.
"తొక్కీకు!" అని కసిరింది నన్ను, మొదటి రోజు.
చీపురు పట్టుకున్న వరహాలమ్మ కూడా
ఆ మేర చుట్టూ తిరిగే ఊడుస్తుందని తర్వాత గమనించాను.
వరహాలమ్మ ఏ డిగ్రీ చదవలేదు.

భ్రమతో వాదించకు, భ్రమని బలపరచకు.
రెండూ కంఠతా వచ్చు, ఐదు మార్కులు.
ఆ రెంటి మధ్య మనిషి కూర్చోడానికి చోటెంతని
ఏ ప్రశ్నపత్రమూ అడగలేదు.

మూడో మంగళవారం ఆమె చెయ్యి చాపింది.
"పట్టుకోవే గుంటా, ఈ కొస. బిగించాల."
చుట్టూ చూశాను.
పట్టుకున్నాను.
రెండు వేళ్ల మధ్య ఏమీ లేకపోవడం
ఇంత బరువుగా లాగుతుందనుకోలేదు.
"నీకు ముళ్లు వొచ్చు" అంది కాసేపటికి.
"సెయ్యి సెప్తంది. ఏటి కట్టీదానివి?"

ఏడో మంచం. రాత్రి రెండున్నర.
తాగుడు మానిన మూడో రోజు, గాజువాక నుంచి వచ్చిన వెల్డరు
గాలిలోంచి ఏవో ఏరుతున్నాడు.
సెలైన్ పీకేస్తున్నాడని
గాజుగుడ్డ మెలిపెట్టి చేతులు రెండూ మంచం కమ్మీకి కట్టాను.
మంచి ముడి. లాగేకొద్దీ బిగిసేది.
నలభై మందికి ఆ రాత్రి నేనొక్కదాన్నే.
అది కారణం, అంతే.
తెల్లారి విప్పితే మణికట్ల మీద ఎర్రటి గాజులు.
ఏం ఏరుతున్నావని నేనడగలేదు.
ఇప్పుడా జబ్బు పేరు తెలుసు, స్పెల్లింగుతో సహా.
అతని పేరే గుర్తు లేదు.

ఇదేదీ నూకరత్నానికి చెప్పలేదు.
చెప్పకూడదు, పుస్తకం ఒప్పుకోదు.
"కట్లు కట్టేదాన్ని" అన్నాను.
నేను పట్టుకున్న చోట ముడిని వెలుగుకేసి ఎత్తి
"బాగులేదే" అంది.
వరసంతా విప్పడం మొదలెట్టింది.
నా వల్ల ఆమెకి ఒక రోజు పని పోయింది.
ఒక్కో కన్నూ విప్పుతుంటే కొస వదలకుండా కూర్చున్నాను
మాత్రల ట్రాలీ వచ్చేదాకా.

ఈసారి మూడో గడి నిండి
పేజీ వెనక్కి పాకింది.
నాలుగోది ఖాళీగా ఇచ్చాను.
మేడమ్ ఇంకా తిరిగివ్వలేదు.

శుక్రవారం వైవా. ఎక్స్‌టర్నల్ గుంటూరు నుంచట,
రోగిని కట్టడం గురించి తప్పక అడుగుతాడట.
"అక్కా, నీకు వచ్చుగా, ఒకసారి చూపించు"
హాస్టల్ మంచం మీద సుభాషిణి
చున్నీ ఒక చేత్తో ఇచ్చి
రెండో చెయ్యి చాపింది.
సన్నటి మణికట్టు, వాచీ తీసిన తెల్లటి గీత.

చున్నీ కొస పట్టుకుని
ఇంకా కూర్చునే ఉన్నాను.