పదిహేడు వైడ్లు

నా పని లెక్క రాసుడు.
గోదావరిఖని సింగరేణి గ్రౌండ్ల, రేకుల షెడ్డు కింద
ఒక నోటుబుక్కు, రెండు పెన్నులు. ఎర్రది వికెట్లకు.
అందరు ఆటను కండ్లతోని చూస్తే
నేను గీతలతోని చూస్త.

ఆ ఎండకాలం ఎనిమిదో కాలనీ టీము
మట్టి కంపెనీ నుంచి ఒకణ్ణి తోలుకొచ్చింది.
డంపర్ నడుపుతడు, నైట్ షిఫ్టు.
పేరు ఫాగూ ఉరావ్.
పేరు పక్కన 'గెస్ట్' అని రాసిన, రూలు ప్రకారం.
గ్రౌండంత వాణ్ణి బిహారోడు అన్నది.
"బిహార్ కాదన్నా, జార్ఖండ్, లాతేహార్" అని
మొదటి మ్యాచుల నాలుగుసార్లు చెప్పిండు,
రెండో మ్యాచుల ఒక్కసారి,
మూడో మ్యాచుకు చెప్పుడు బందువెట్టిండు.
సిక్సులు మాత్రం బందువెట్టలె.
ఒకటి వాటర్ ట్యాంకు మీద,
ఒకటి క్వార్టర్ల ముంగట ఆరబోసిన మిరపకాయలల్ల.
ఇంకొకటి, బ్లాస్టింగ్ సైరన్ మొదలైనప్పుడు లేసి
సైరన్ ఆగినంక గని దిగింది భూమికి.

గోలివాడ ఓదెలన్న రికార్డు నలభై ఒకటి.
తొంబై ఆరుల, ఒక్క టోర్నమెంటుల.
గనిల టింబర్ పని చేసి, షిఫ్టు దిగి,
మొకం కడుక్కోకుండనే బ్యాటు పట్టేటోడట.
ఆ నలభై ఒకటి రాసింది మా నాయిన, పెన్సిలుతోని.
ఆ ఇంక్లైను ఇప్పుడు లేదు.
పై నుంచి తవ్వుకుంట వస్తున్నరు.
దాని నెత్తి మీది మట్టినే
ఫాగూ రాత్రంత మోసి గుట్టలు పోస్తున్నడు.
ఈ ముచ్చట ఇద్దరికీ తెల్వదు.

"జపాన్‌ల బేస్‌బాల్ అనే ఆటున్నది" అన్నడు
చాయ్ కొట్టు కాడ పీఈటీ సాంబమూర్తి సారు.
"బయటిదేశపోడు పాత రికార్డు దగ్గరికొస్తె
బ్యాటుకు అందకుండ ఇసురుతరట బంతిని."
నేను నవ్విన.
అంత దూరపు దేశం, వాళ్ల బాధ వాళ్లది అనుకున్న.

ఫైనల్.
ఫాగూవి కూడ నలభై ఒకటి.
గెలుపుకు పదిహేడు కావాలె.
మొదటి బంతి వైడ్. రెండోది వైడ్.
మూడోది కీపర్ గూడ పండుకొని ఆపిండు.
కెప్టెన్ ఉరికొచ్చి బౌలర్ చెవుల ఏదో చెప్పిండు.
తిడుతున్నడనుకున్న. భుజం తట్టి పోయిండు.
అప్పుడు సమజైంది:
కప్పు పోతె పోనీ అంటున్నరు.

పదో వైడుకు ఫాగూ బ్యాటు తిరగేసిండు,
పిడి కిందికి, చెక్క చేతులల్ల.
అంపైరు మబ్బుల దిక్కు చూసిండు.
షామియాన కింద, మెడల దండతోని,
చెప్పులిడిచి కూసున్న ఓదెలన్న ఒక్కపారి లేసిండు.
"సక్కగ ఎయ్‌రా" అన్నడో, నీళ్లడిగిండో,
డప్పుల సప్పుడుల ఇనవడలె.
మళ్ల కూసున్నడు.

పదిహేడోది పోయింది.
ఎనిమిదో కాలనీ గెలిచింది,
బ్యాటుకు ఒక్క బంతి తాకకుండ.
ఎవ్వలు ఎగరలె.

ఇంకొకటి చెప్పాలె.
రెండో మ్యాచుల వాడు కొట్టిన ఒక బంతికి
అంపైరు నాలుగని చెయ్యి ఊపిండు.
తాడు అవుతల లేసిన దుమ్ము నాకు కనవడ్డది.
నాలుగే రాసిన.
వాడు బిహారోడనా, అంపైరు మాటనా,
నాయిన పెన్సిలు గీతల మీది పావురమా —
ఏ గడిల ఎయ్యాలె దాన్ని?

పొద్దుగూకినంక ఫాగూ షెడ్డు కాడికొచ్చిండు,
మెరిసే పట్టీల జాకెట్ తొడుక్కొని, డ్యూటీకి.
"వైడ్లు ఎన్ని?"
"పదిహేడు."
"ఇంతకుముందు ఎవ్వలకన్న ఇన్ని ఏసిండ్రా?"
పాత బుక్కులన్ని తిరగేసిన, నాయినవి గూడ.
లేదన్న.
"అయితె నా పేరు మీద రాయి" అన్నడు, నవ్వకుండ.

వైడ్లు కొట్టేటోని పేరు మీద రాయరు.
ఎక్స్‌ట్రాలల్ల ఏస్తరు, అది రూలు.
గేటు కాడ కంపెనీ జీపు హారన్ కొడుతున్నది.
ఎర్ర పెన్ను మూత తీసిన.