పిడికెడు తక్కువ

మా ఇంట్లో బియ్యం కొలత
ఎప్పుడూ ఒక పిడికెడు తక్కువే.
డబ్బాతో మూడు పోసి
ఎసట్లో వేసేముందు
గుప్పిట నింపి వెనక్కి తీసేది అమ్మ,
పొయ్యి పక్కనున్న పాత బోర్న్‌వీటా డబ్బాలోకి.
"ఇది మనది కాదు."
అంతే. ఎవరిదో చెప్పేది కాదు.

ఆదివారం లాలాగూడ చర్చి మెట్ల దగ్గర
గోనెసంచిలో కుమ్మరిస్తే
మా రేషన్ బియ్యం, టీచరమ్మగారి సన్నాలు,
రైలు గార్డు ఇంటి బాస్మతి
ఒకదాన్నొకటి గుర్తుపట్టకుండా కలిసిపోయేవి.
వర్క్‌షాపులో నాన్నని సస్పెండ్ చేసిన నెల
ఆ సంచే మా గుమ్మంలో దిగింది.
వండితే సగం పలుకు, సగం ముద్ద.
నాన్న కంచంలో వేలుపెట్టి కెలికి
"ఇవెవరి బియ్యం?" అన్నాడు.
"అందరివీ" అంది అమ్మ.
రోజూ రెండు ముక్కల్లో ముగించే మనిషి
ఆ పూట ఎంతసేపు ప్రార్థించాడంటే
చారు మీద నూనె తెట్టు కట్టింది.

(ఆ కళ్ళు మూసుకోవడం నాకూ అంటింది.
ఇరానీ హోటల్లో సమోసా ముందు
ఇప్పటికీ రెండు క్షణాలు.
ఓసారి బేరర్ కంగారుపడి
"క్యా హువా మేడమ్, తబియత్ ఠీక్ హై?" అన్నాడు.)

శ్రమల కాలం నలభై రోజులూ
అమ్మ నీచు ముట్టదు.
శుక్రవారాలు పొద్దుగూకేదాకా మంచినీళ్ళే.
మా కిటికీలోంచి
చింతచిగురు పప్పు వాసనే వస్తోందని
పై అంతస్తు ఓనరు తెగ మురిసిపోయాడు:
"మీరు గూడ మా లెక్కనే అయిన్రు గదా!"
ఈస్టర్ మధ్యాహ్నం
కుక్కర్ ఆరో విజిల్‌కి
ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు.
అమ్మ తగువు పడలేదు.
మూత తీసి, ఆవిరి పోనిచ్చి,
ముందు ప్రార్థన
తర్వాత పెద్దకూర
ఆ తర్వాతే సామాన్లు సర్దడం.

కొత్త వాటా మెట్టుగూడ గల్లీలో.
పక్కింట్లో బాలమణి.
ఆషాఢం ఆదివారం
మేం చర్చి నుంచి వచ్చేసరికి
ఆమె బోనమెత్తి తిరిగొచ్చి
ఆకులో బెల్లమన్నం తెచ్చేది.
వద్దనలేం. తినలేం.
"మొక్కింది మనకొద్దు బిడ్డా" అని
నాయనమ్మ దానమ్మ ఆ ఆకును సిబ్బి కింద మూసిపెట్టి
సాయంత్రం మేకలామెకి ఇచ్చేసేది.
యాలకుల వాసన మాత్రం
సిబ్బి కింద ఆగేది కాదు.
నేనొకసారి వేలితో ముట్టి నాకాను.
ఆ రాత్రి దుప్పట్లో
నరకం కోసం ఎదురుచూస్తూ నిద్రపోయాను.
తెల్లారితే ఇడ్లీ.

మేకలామె ఎప్పుడు చెప్పిందో ఏమో,
మూడో ఏడు
బాలమణి పొద్దున్నే వచ్చింది.
తలంటుకున్న నెత్తికి ఇంకా తువ్వాలు చుట్టే ఉంది.
చేతిలో చిన్న గిన్నె, పొగలు.
"ఇంక అమ్మకు చూపెట్టలే అక్కా.
కుండల పెట్టకముందే మీకు తీసిన.
పిడికెడు తక్కువైతే ఆమె ఏమనుకోదు."

అమ్మ కొంగుకి చేతులు తుడుచుకుని
నాయనమ్మ వైపు చూసింది.
నాయనమ్మ గోడ మీది చర్చి క్యాలెండర్‌ని
తేదీ మర్చిపోయినట్టు కాసేపు చూసి
జరిగి
చాప మీద చోటిచ్చింది.

కళ్ళు మూసుకున్నాం. మధ్యలో గిన్నె.
అమ్మ ప్రార్థన ఎప్పుడూ పొడుగే,
ఆ రోజు బాలమణి పేరు, వాళ్ళాయన దగ్గు,
పిల్లల పరీక్షలు కూడా చేరి ఇంకా సాగింది.
నేను ఒక కన్ను తెరిచాను.
జారిపోతున్న తువ్వాలు ఒక చేత్తో పట్టుకుని
గుమ్మంలోనే నిలబడి ఉందామె.
మా ఆమెన్ అయిపోయిందో లేదో తేల్చుకోలేక
కాసేపు ఆగి
"తినున్రి మరి" అంది,
"సల్లారుతది."