తెరిచి కొలవాలి

పుంటా అరేనస్‌లో గాలి
మనుషుల్ని వంచి నడిపిస్తుంది.
వీధి మలుపుల్లో కట్టిన తాళ్లు పట్టుకుని
ఆఫీసుకొచ్చాను ఆ సోమవారం,
కోటు లోపల కొటేషన్లతో.

మాది తిమింగలాల గొంతులు దాచే చోటు.
పాతకాలపు ఉన్ని గోదాము, మూరెడు మందం రాతిగోడ,
గోడకు ఇవతల నాలుగు సర్వర్లు,
అవతల డిస్కుల బీరువా.
జలసంధి అడుగున వేలాడే మైకులు
రాత్రీ పగలూ వింటూనే ఉంటాయి.
విన్నదంతా ఇక్కడికొచ్చి ఇరుక్కుంటుంది.

ఓర్తెన్సియాది ఒకటే మాట: "వంద కొను."
వంద గిగాబిట్లంటే వంద.
ఇంకెక్కడో ల్యాబ్‌లో ఉందట.
నేను సర్వర్ మూత విప్పి
టార్చి నోట కరుచుకుని తొంగి చూశాను.
స్లాటు పొడుగ్గానే ఉంది,
లోపల బంగారు పళ్లు మాత్రం సగమే.
పదహారు దారులు కోరే కార్డుకు
ఎనిమిది దారుల గుమ్మం.
వందను తెచ్చి ఇక్కడ కూర్చోబెడితే
అరవై దగ్గరే ఆయాసపడుతుంది,
మిగతా నలభైకీ డబ్బు కట్టి
వాకిట్లో నిలబెట్టినట్టే.
ఎంత పిండికి అంత రొట్టె.
రెండు పోర్టుల ఇరవై ఐదు అని రాసిచ్చాను.
ఆవిడ సంతకం పెట్టలేదు, కిటికీ వైపు చూసింది.
మర్నాడు పెట్టింది. కారణం చెప్పలేదు.

ఇక తీగ.
ర్యాకు లోపలికి రాగి చాలు.
గోడ దాటాలంటే వెలుగు కావాలి.
రెండు కొసలా తలలు అతికించిన గాజు తీగ
ఇరవై మీటర్లది, చవగ్గా దొరికిందని మురిసిపోయాను.
బౌతీస్తా మాన్సీయా దాన్ని చేతిలో తిప్పి చూశాడు.
ముప్పై ఏళ్లు రాజపీతల పడవ మీద చేసి
మోకాళ్లు పోయాక మా దగ్గర చేరిన మనిషి.
గోడలోని కంత దగ్గరికి తీసుకెళ్లి
ఊరికే ఆనించాడు, అంతే.
ఏనుగు వెళ్లి తోక చిక్కడం విన్నాం గానీ
ఇక్కడ తోక వెళ్లింది, తల ఆగిపోయింది.

వాపసు.
విడి తీగ, విడి మాడ్యూళ్లు, ఇంకో పన్నెండు రోజులు.
ఆ మాడ్యూళ్లతోనూ పేచీయే:
తన కంపెనీ ముద్ర లేనిదాన్ని
పంక్తిలో కూర్చోనివ్వదు మా స్విచ్చి.

రాగి కొలత తప్పు మాత్రం పూర్తిగా నాది.
స్విచ్చికీ సర్వరుకీ మధ్య టేపు పట్టి
మీటరు చాలన్నాను.
బౌతీస్తా జేబులోంచి వల అల్లే నూలు తీశాడు,
నా మీటరు కొలిచి తెంపాడు,
ఒక కొస పైన ముడేశాడు, ఒక కొస కింద.
తర్వాత సర్వరును పట్టాల మీద ముందుకు లాగాడు
మొత్తం బయటికి, బాగు చేసేటప్పుడు లాగినట్టు.
నూలు టప్పున తెగింది.
"మూసి కొలిచావు, ఇంజనీరూ.
రేవులో ఊరికే ఉన్న పడవకి
తాడు కొలవకూడదు.
పోటు ఎంత ఎక్కుతుందో, ఆటు ఎంత దిగుతుందో
అదంతా తాడులో ఉండాలి."

రెండున్నర మీటర్లవి తెప్పించాం.
గాజు తీగను మూల తిప్పేటప్పుడు
కాఫీ కప్పు మూతి చుట్టూ ఒకసారి చుట్టి
ఇంతకంటే బిగించొద్దన్నాడు.
కొసలు తుడిచాను, మళ్లీ తుడిచాను.
అక్కడ ఒక్క ధూళి రేణువు
తలుపుకు అడ్డంపడ్డ బండరాయి.

ఆకుపచ్చ దీపాలు.
అందరికంటే ముందు గోడ దాటింది ఒక తిమింగలం.
చెవికందనంత మంద్రంలో ఒక్క మూలుగు,
పది రెట్లు వేగం పెంచితే గానీ మనిషికి వినపడదు.
ఆలస్యం అమృతం విషం అంటారు.
ఆ జంతువుకి ఎవరూ చెప్పినట్టు లేదు.
రెండో మూలుగుకి ముందు
పావు నిమిషం ఊరుకుంది.
ఆ పావు నిమిషంలో మా తీగ మీద
దాని పోయినేడాది బతుకంతా
సగం దాకా వచ్చేసింది.

ఓర్తెన్సియా స్పీకర్‌కి చెవి ఆనించి
"ఇరవై ఐదేనా ఇది?" అంది.

బౌతీస్తా తెగిన నూలు ముక్కలు రెండూ ముడేసి
జేబులో పెట్టుకున్నాడు.